బెండగింజల కాఫీ

ఈ మధ్య రాత్రిళ్లు అమెరికా అంతర్యుద్ధం నాటి ఆడవాళ్ల డైరీలు చదువుతున్నాను. స్కూల్లో యుద్ధమంటే సేనాధిపతులూ తేదీలే కదా, వీటిలో మాత్రం ఉప్పు దొరకట్లేదు, పిండి ధర మళ్లీ పెరిగింది, ఇదే గోల. ఉత్తరాది నౌకాదళం రేవుల్ని దిగ్బంధిస్తే దక్షిణాదిలో కాఫీ కరువై బెండగింజలు, చిలగడదుంపలు వేయించి పొడి కొట్టుకుని తాగారట. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడకపోతే మా ఇంట్లో జరిగే యుద్ధం వేరే, అది వద్దులెండి.

మిసిసిపి నది ఒడ్డున దక్షిణాది వాళ్ల పట్టణం విక్స్‌బర్గ్‌ను ఉత్తరాది సైన్యం ముట్టడించిన దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. 1863లో మే నుంచి జూలై 4 దాకా, 47 రోజులు. ఫిరంగి గుండ్లకు భయపడి జనం కొండవాలుల్లో గుహలు తవ్వుకుని, మంచాలూ కుర్చీలూ అందులోకే చేర్చి కాపురాలు పెట్టారు. కాగితం అయిపోతే అక్కడి పత్రికను గోడలకు అంటించే రంగు కాగితం వెనకవైపు అచ్చేశారు. మనం కైలాసగిరిలో గుహ తవ్వుకోవాల్సి వస్తే అమ్మ ముందు ఏం సర్దుతుందా అనుకున్నాను, కచ్చితంగా ఆవకాయ జాడీయే. హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు లేక, నీళ్ల కోసం బిందెలతో నిలబడటం వైజాగ్ వాళ్లకీ తెలుసు, కానీ అప్పుడు పక్కింటివాళ్లు ఎటువైపో అన్న టెన్షన్ లేదు.

ఒకటి మాత్రం మింగుడుపడలేదు. నేను చదివిన డైరీలు ఎక్కువగా బానిసలున్న ఇళ్లవాళ్లు రాసినవే. ఆ బెండగింజలు వేయించినవాళ్లు ఏమనుకున్నారో వాటిలో ఉండదు, అక్కడ చాలా రాష్ట్రాల్లో వాళ్లకు చదువు నేర్పడమే నేరం. అందుకే 1930ల్లో ముసలివాళ్లైన మాజీ బానిసలు చెప్పగా రాసుకున్న జ్ఞాపకాలు మొదలుపెట్టాను. ఎవరైనా చదివుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి, వేల పేజీలున్నాయి.