47 మొండి వరుసలు: ఐఎస్‌బీఎన్ బ్యాచ్, నాలుగో ప్రయత్నం

రాత్రి పదకొండున్నరకు చివరి రన్ ముగిసింది. జత కుదరని వరుస ఒక్కటే మిగిలింది. మూడు వారాల కిందట ఇదే బ్యాచ్‌లో అవి 47. కుర్చీలోంచి లేచి గదిలో రెండు చుట్లు తిరిగి వచ్చి మళ్లీ చూశాను. ఒక్కటే.

చేస్తున్న పని ఇది: జొటేరోలో (పుస్తకాల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్) ఏళ్ల తరబడి పోగుచేసుకున్న 640 పుస్తకాల వివరాలను వికీడేటా అనే ఉచిత సమాచార నిధిలోని కూర్పుల (ఎడిషన్ల) అంశాలతో, అంటే పేజీలతో, జతచేయడం, అక్కడ లేనివాటికి కొత్త అంశాలు తయారుచేయడం. జత కుదిర్చేది కూర్పును గుర్తించే 13 అంకెల సంఖ్య, ఐఎస్‌బీఎన్, వికీడేటాలో దాన్ని రాసే చోటు (ప్రాపర్టీ) పీ212. రచనకు ఒక అంశం, కూర్పుకు వేరే అంశం, రెండింటినీ కలిపేది పీ629. ఈ పద్ధతిలో 593 వరుసలు మొదటి సాయంత్రమే ఎక్కాయి. సంవత్సరం మాత్రమే తెలిసిన తేదీలు జనవరి 1గా మారిపోయే పాత బెడద కూడా ఈసారి లేదు. ఖచ్చితత్వం 9 (సంవత్సరం వరకే) అని ముందే పెట్టుకున్నాను.

మిగిలిన 47కు ‘జత లేదు’ అని వచ్చింది. నిజంగానే లేవు కాబోలు అనుకుని మొదటి 11కు కొత్త అంశాలు సృష్టించేశాను. పన్నెండోది సృష్టించబోతూ ఎందుకో పేరుతో వెతికితే అది అప్పటికే ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే 11కు 11 ఉన్నాయి. ఆ రాత్రంతా వాటిని పాత అంశాల్లోకి ఒక్కొక్కటిగా విలీనం చేస్తూ కూర్చున్నాను. నకిలీని పుట్టించడానికి అర సెకను చాలు, దాన్ని చెరపడానికే మూడు నిమిషాలు.

మొదట అనుమానించింది స్ప్రెడ్‌షీట్‌ను. నా అనుభవంలో గ్రంథసూచి సమాచారానికి దానికంటే పెద్ద శత్రువు లేదు. మొదటి సున్నాను మింగేస్తుంది, 13 అంకెల సంఖ్యను 9.78 పక్కన ఘాతాంకం తగిలించి చూపిస్తుంది. కానీ ఈసారి అన్ని కాలమ్‌లనూ అక్షరాలుగానే తీసుకున్నాను. 47లో ఒక్కదానికీ సున్నా పోలేదు. ఈ అనుమానం పది నిమిషాల్లో తేలిపోయింది.

తర్వాత చెక్ డిజిట్, అంటే సంఖ్య సరిగ్గా ఉందో లేదో పట్టించే చివరి అంకె. 13 అంకెల సంఖ్యలో మొదటి 12 అంకెలను వరుసగా 1తో, 3తో మార్చి మార్చి గుణించి కూడాలి. ఆ మొత్తాన్ని పై పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. పాఠాల్లో ఎప్పుడూ కనిపించే 0-306-40615-2 ఉంది కదా, దాని ముందు 978 చేరిస్తే మొత్తం 93 వస్తుంది, కాబట్టి చివర 7 ఉండాలి. అంటే 978-0-306-40615-7. కానీ చాలామంది ముందు 978 అతికించి, చివరి 2ను అలాగే వదిలేస్తారు. పాత 10 అంకెల పద్ధతి 11తో భాగించి లెక్కిస్తుంది, కొత్తది 10తో. కాబట్టి రెండు చివరి అంకెలూ ఒకటే అయితే అది కాకతాళీయమే. పరీక్షిస్తే 6 వరుసలు తప్పాయి. నాలుగింటిలో ఇదే అతుకు. మిగిలిన రెండింటిలో తప్పు సంఖ్య పుస్తకం మీదే అచ్చయింది. ఆ రెంటినీ పేరు, సంవత్సరం చూసి చేతితో జతచేశాను. అచ్చులో ఉన్న సంఖ్యను అలాగే ఉంచి, ర్యాంకు తగ్గించి (తప్పు విలువ అని గుర్తుపెట్టి), కారణం దానికోసమే ఉన్న పీ2241లో రాశాను. సరిచేసిన సంఖ్యను మాత్రం రాయలేదు. ఆ సంఖ్య ఏ పుస్తకం మీదా లేదు మరి.

41 మిగిలాయి. ఇక్కడే నా ఓపిక సన్నగిల్లింది. తెర మీద అన్నీ 13 అంకెలే, అన్నిటికీ చెక్ డిజిట్ సరిగ్గానే ఉంది. చివరికి పట్టికలను శుభ్రంచేసే పనిముట్టు ఓపెన్‌రిఫైన్‌లో ఒక్కో గడి పొడవు ఎంతో లెక్కించమన్నాను. 22 గడులకు 13 వచ్చింది. 19 గడులకు 14! అంకెలు పదమూడే, మరి పద్నాలుగో అక్షరం ఎక్కడిది? ఒక గడిని అక్షరం అక్షరంగా విడగొడితే అన్నిటికంటే ముందు యూనికోడ్ 200ఈ బయటపడింది. ఎడమ నుంచి కుడికి రాయమని చెప్పే గుర్తు అది, కంటికి కనిపించదు. ఏదో అమ్మకపు పేజీ నుంచి సంఖ్యను నకలు చేసినప్పుడు వెంట వచ్చి ఉంటుంది. చెక్ డిజిట్ పరీక్ష అంకెలను మాత్రమే ఏరుకుంటుంది కాబట్టి దానికి ఇది చిక్కలేదు. ఖాళీలను కత్తిరించే ఆదేశమూ దీన్ని ముట్టుకోదు, ఎందుకంటే ఇది ఖాళీ కిందికి రాదు. అంకెలు, ఎక్స్ అక్షరం తప్ప మిగిలినవన్నీ తీసేయమన్నాను, 19 జతలూ కుదిరాయి.

ఇదే ఆదేశాన్ని పుస్తకాల పేర్ల కాలమ్ మీద కూడా వేద్దామని ఒక్క క్షణం అనిపించింది. వేయకండి. ‘కనిపించని అక్షరాలన్నీ తీసేయి’ అన్న కాస్త మెత్తని ఆదేశం కూడా వద్దు. తెలుగులో 200సీ సంకేతం (పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపేది) కంటికి కనిపించకపోయినా పని చేస్తుంది. దాన్ని తీసేస్తే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది.

ఇక 22. అయిదు రోజులు వీటికే పోయాయి. పొడవు 13, చెక్ డిజిట్ సరి, అదృశ్యాక్షరాలు లేవు, అంశాలు వికీడేటాలో ఉన్నాయి, వాటిలో పీ212 కూడా ఉంది. అయినా జత లేదు. పీ212లో విలువను హైఫన్లతో రాస్తారని తెలుసు కాబట్టి, అటువైపు హైఫన్లు తీసేసి పోల్చమని క్వెరీ (వికీడేటాను అడిగే ప్రశ్న) రాశాను. ఆ ప్రాపర్టీ ఉన్న ప్రతి అంశం మీదా ఆ పని జరగాలి. క్వెరీ సర్వీసు ఇచ్చేది 60 సెకన్లు. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ గడువు దాటిపోయింది.

ఆరో రోజు చేయాల్సిన పని ఒకటే ఉందని తోచింది: జతకు నిజంగా వెళ్తున్న కాలమ్‌ను తెరవడం. ఇన్నాళ్లూ నేను చూస్తున్నది హైఫన్లు లేని మూల కాలమ్. హైఫన్లు చేర్చిన కాలమ్‌ను తెర ఇరుకుగా ఉందని నేనే దాచాను. తెరిచి చూస్తే ఆ 22 గడుల్లో ఒక్క హైఫనూ లేదు.

హైఫన్లను చేర్చేది నేనే రాసుకున్న చిన్న పైథాన్ స్క్రిప్టు. హైఫన్ ఎక్కడ పడాలో స్థిరమైన నియమం లేదు. సమూహ సంఖ్య (దేశాన్నో భాషనో చెప్పేది), ప్రచురణకర్త సంఖ్య రెండింటి పొడవూ మారుతుంటుంది. సున్నా సమూహంలో 00 నుంచి 19 వరకు ప్రచురణకర్తలకు రెండంకెలే, 306కు మూడు. ఈ శ్రేణులన్నిటినీ అంతర్జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా ఇస్తుంది, కొత్త శ్రేణులు కేటాయించినప్పుడల్లా దాన్ని మారుస్తుంది. నా దగ్గరున్న ప్రతి 2018 నాటిది. అందులో 979-8తో మొదలయ్యే శ్రేణే లేదు. నా 22లో 14 ఆ శ్రేణివే. మిగిలిన 8 ఆ తర్వాత తెరిచిన శ్రేణుల్లోవి.

అసలు నేరం ఫైలుది కాదు. స్క్రిప్టు చివర నేను రాసుకున్న ఒక వాక్యం ఉంది: హైఫన్లు పెట్టలేకపోతే వచ్చినదాన్ని వచ్చినట్టే తిరిగి ఇవ్వు. అప్పట్లో అది మర్యాదగా తోచింది. చెక్ డిజిట్ తప్పినా, అదృశ్యాక్షరం ఉన్నా, శ్రేణి తెలియకపోయినా ఆ వాక్యం ఏమీ అనకుండా సంఖ్యను దాటించింది. మూడు వేర్వేరు జబ్బులు ఒకే లక్షణంతో కనిపించడం అందుకే. ఇప్పుడు ఆ చోట గట్టిగా ఆగిపోయి వరుస సంఖ్య చెబుతుంది.

కొత్త శ్రేణుల ఫైలు దింపుకున్నాక 22లో 20 కుదిరాయి. మిగిలిన రెండింటిలో ఒకదానికి తప్పు వికీడేటావైపే ఉంది: ఎవరో చేతితో రాస్తూ హైఫన్‌ను ఒక అంకె పక్కకు పెట్టారు. సరిచేశాను. రెండోది ఇప్పటికీ మొండికేస్తోంది. ప్రచురణకర్త ఒకే ఐఎస్‌బీఎన్‌ను రెండు వేర్వేరు కూర్పుల మీద అచ్చువేశారు. విలువ ఒక్క అంశానికే ఉండాలన్న నిబంధన రెండు చోట్లా హెచ్చరిక చూపిస్తోంది. రెండూ నిజమే కాబట్టి రెండు చోట్లా ఉంచి, పుటల సంఖ్య, సంవత్సరం తేడాగా చూపిస్తాను. హెచ్చరిక ఉంటే ఉండనివ్వండి.

పనిముట్ల గురించి ఒక మాట. వికీడేటాలో మార్పులను గుత్తగా ఎక్కించే క్విక్‌స్టేట్‌మెంట్స్ వేగం నాకు ఇష్టమే కానీ, రెండు వందల వరుసలు దాటితే దాని జోలికి పోను. ఓపెన్‌రిఫైన్‌లో ఎక్కించే ముందు ఏం జరగబోతోందో కనిపిస్తుంది. ఆ 11 నకిలీల తర్వాత నాకు అది చాలు. జొటేరో సేకరణకు బంగారం లాంటిది, కానీ రచన వేరు, కూర్పు వేరు అన్న తేడా దానికి లేదు. ఆ విడదీత ఎప్పుడూ మన నెత్తినే పడుతుంది.

తర్వాతిది రచయితల పేర్లు. ఈ బ్యాచ్‌లోనే 212 చోట్ల రచయిత పీ2093 కింద ఉత్త అక్షరాలుగా ఉన్నారు. వాళ్లను పీ50 కిందికి, అసలు మనుషుల అంశాలకు తేవాలి. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించినవాళ్లే ఎక్కువ. కాబట్టి ముందు వీయాఫ్ సంఖ్య (గ్రంథాలయాలు కలిసి రచయితలకిచ్చే గుర్తింపు) ఉన్నవాళ్లను వేరుచేసి, వాళ్లలో ఓ ఇరవై మందితో మొదలుపెడతాను. ఈసారి ఏ కాలమ్‌నూ దాచను.