హెడ్ పోర్టులు మనమే అరగదీసుకోవచ్చా?

ఇంజిన్ హెడ్ (సిలిండర్ పైన బిగించే, వాల్వులుండే భాగం) దించిన ఎవరికైనా దాని పోర్టుల్లోకి, అంటే గాలీ పొగా వెళ్ళే దారుల్లోకి, వేలు పెట్టి తడిమి చూడాలనిపిస్తుంది. లోపలంతా గరుకు, పోత పోసినప్పుడు మిగిలిపోయిన అంచులు, మానిఫోల్డ్ (హెడ్‌కి బయట బిగించే గాలి గొట్టం) వచ్చి కలిసే చోట చిన్న మెట్టు. కంపెనీవాళ్ళు ఇలా వదిలేశారేంటి, ఒక డై గ్రైండర్ తెచ్చి నేనే నునుపు చేసేస్తే పోలా అనే ఆలోచన అక్కడే మొదలవుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: చేసుకోవచ్చు. కాకపోతే చాలామంది చేద్దామని కూర్చునే పని వేరు, నిజంగా చెయ్యాల్సిన పని వేరు.

ఎక్కువమంది ముందుగా చేసేది పోర్టును పెద్దది చెయ్యడం. దారి పెద్దదైతే గాలి ఎక్కువ వెళ్తుంది కదా అని లెక్క. 30 మిల్లీమీటర్ల పోర్టు ఉందనుకోండి. గోడ చుట్టూ ఒక్క మిల్లీమీటరు తీశారు, 32 అయింది. వైశాల్యం దాదాపు 14 శాతం పెరిగింది. అదే ఆర్పీఎమ్‌లో ఇంజిన్ పీల్చుకునే గాలి అంతే కాబట్టి, గాలి వేగం 12 శాతం దాకా పడిపోయింది. ఆ వేగం మనకు చాలా కావాలి. పిస్టన్ కిందికి చేరి మళ్ళీ పైకి రావడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది, ఆ సమయంలో సిలిండర్ నిండేది గాలి తన వేగం కొద్దీ దూసుకురావడం వల్లే. వేగం తగ్గితే లోపలికి వచ్చిన దాంట్లో కొంత వెనక్కి తన్నుకుపోతుంది. అందుకే పోర్టులు బాగా పెద్దవి చేసిన బండి పైన ఆర్పీఎమ్‌లో బాగున్నట్టే ఉండి, కింద పికప్ చచ్చిపోయి, గేరు మార్చిన ప్రతిసారీ విసిగిస్తుంది. రోజూ నడిపే బండి ఎక్కువసేపు తిరిగేది ఆ కింది ఆర్పీఎమ్‌లోనే.

మరి అడ్డంకి ఎక్కడుంది? వాల్వు మూసుకున్నప్పుడు ఆనుకునే రింగుకు, అంటే సీటుకు, కాస్త ఇవతల, కాస్త అవతల. మానిఫోల్డ్ వైపు నుంచి చూస్తే బాగా కనిపించే పొడుగాటి గొట్టం భాగంలో పెద్దగా ఏమీ ఉండదు, కానీ చెయ్యి సులువుగా అందేది అక్కడే కాబట్టి అందరూ అక్కడే గ్రైండ్ చేస్తారు. అసలు విషయం సీటు కింద ఉన్న గిన్నెలాంటి భాగంలో, అంటే బౌల్‌లో ఉంది. సీటు రింగుకూ పోతకూ మధ్య చాలా హెడ్లలో ఒక అంచు ఉండిపోతుంది, గాలి దాన్ని నేరుగా గుద్దుకుంటుంది. ఆ అంచును కలిపేసి, వాల్వు గైడు (వాల్వు కాడ పైకీ కిందికీ జారే గొట్టం) చుట్టూ ఉన్న లావు దిమ్మను గాలి పక్కల నుంచి జారిపోయేలా కాస్త సన్నం చేస్తే, ఇంట్లో చేసే పనికి వచ్చే లాభంలో ఎక్కువ భాగం వచ్చేసినట్టే. గైడును మాత్రం పొట్టిగా కోసెయ్యకండి. వాల్వు నిటారుగా నిలబడేదీ, వేడిలో కొంత భాగాన్ని హెడ్‌కి వదిలేదీ దాని ద్వారానే, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వు.

సీటు కింద గొంతు సైజు వాల్వు వ్యాసంలో సుమారు 85 నుంచి 90 శాతం లోపు ఉంచడం పాత లెక్క. 30 మిల్లీమీటర్ల వాల్వుకి 26 దగ్గర ఆగిపోవడం మంచిది.

ఇక షార్ట్ సైడ్. పోర్టు సిలిండర్ వైపు తిరిగే మలుపులో లోపలి వంపు అది. గాలి వేగంగా వచ్చి ఆ మలుపు తిరగలేక గోడను వదిలేసి, ఎదుటి వైపుకి కొట్టుకుపోయి, వాల్వుకి ఒక పక్క నుంచే బయటపడుతుంది. పోర్టు అడుగు భాగాన్ని కిందికి చెక్కితే దారి పెరుగుతుందనుకుంటారు గానీ, దాంతో ఆ వంపు ఇంకా పదునెక్కి గాలి ఇంకా ముందే గోడను వదిలేస్తుంది. హెడ్ పాడు చేసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. అక్కడ బర్ (గ్రైండర్ కొసకి తగిలించే కోత ముక్క) పెట్టకుండా, ఎమెరీ చుట్టతో గరుకు అంచులు మాత్రం తీసి వదిలెయ్యండి.

అద్దంలా మెరిపించడం గురించి కూడా ఒక మాట. ఎగ్జాస్ట్ పోర్టును నునుపు చేస్తే మసి కాస్త తక్కువ పట్టుకుంటుంది, నష్టం లేదు. ఇన్‌టేక్‌లో పాలిష్ దేనికో నాకు అర్థం కాదు. కార్బురేటర్ ఇంజిన్లో, పోర్టులోకి ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్లో కూడా, పెట్రోలు కొంత గోడల మీద తడిగా చేరుతుంది, కొంచెం గరుకుంటే అది మళ్ళీ గాలిలో కలవడానికి వీలు. 60 లేదా 80 నంబరు ఎమెరీతో ఆగిపోతే చాలు. పెట్రోలు నేరుగా సిలిండర్లోకే కొట్టే ఇంజిన్లలో ఈ తడి గొడవే లేదు, అయినా అక్కడ కూడా పాలిష్ వల్ల ఒరిగేది తక్కువే. ఫోటోల్లో బాగుంటుంది, అంతే.

ఇప్పుడు ఇంట్లో చెయ్యలేని పని. వాల్వు కొద్దిగా లేచినప్పుడు గాలికి దారి వాల్వుకీ సీటుకీ మధ్య ఉన్న సన్నటి సందు మాత్రమే. వాల్వు తన వ్యాసంలో నాలుగో వంతు ఎత్తు లేచేదాకా, అంటే 30 మిల్లీమీటర్ల వాల్వయితే 7.5 లేచేదాకా, ఆ సందు వైశాల్యం వాల్వు వైశాల్యం కంటే తక్కువే. వాల్వు ఆ చిన్న లిఫ్టుల గుండా లేచేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి వెళ్తుంది, పూర్తి ఎత్తున ఉండేది కాసేపే. కాబట్టి సీటు కోతకి ఉన్న విలువ పోర్టుకి చేసే చాలా పనులకి లేదు. 45 డిగ్రీల సీటుకి పైన 30, కింద 60 డిగ్రీల కోతలు శుభ్రంగా వేయించడం మెషిన్ షాపు పని. గైడు మధ్యగీతకి సరిగ్గా కోత పడాలి, చేతి గ్రైండర్‌తో అది అయ్యే పని కాదు. డబ్బు ఒక్కదానికే ఉంటే నేనయితే పోర్టులు ముట్టుకోకుండా సీట్లు కోయిస్తాను.

అన్ని హెడ్లకీ ఇదంతా అవసరమూ లేదు. పాతకాలపు రెండు వాల్వుల హెడ్లలో చేతిపనికి చోటుంది. పాత మినీ కార్లలో వచ్చిన బీఎంసీ ఏ-సిరీస్ ఇంజిన్ చూడండి, నాలుగు సిలిండర్లకి రెండే ఇన్‌టేక్ పోర్టులు, ఒక్కో పోర్టును రెండేసి సిలిండర్లు పంచుకోవాలి. అలాంటి హెడ్ మీద తరాల తరబడి జనం గ్రైండర్లు అరగదీశారంటే ఆశ్చర్యం లేదు. (ఆ హెడ్ రూపకల్పనలో చెయ్యున్న హ్యారీ వెస్లేక్, జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్ హెడ్ వెనక కూడా ఉన్నాడు. గాలి ప్రవాహాన్ని కొలిచి హెడ్లు దిద్దడం ఒక విద్యగా మారడంలో ఆయన పాత్ర పెద్దది.) ఈ కాలపు నాలుగు వాల్వుల హెడ్ సంగతి వేరు. గాలి సిలిండర్లోకి దొర్లుతూ దిగాలని పోర్టు ఆకారాన్ని కావాలనే అలా పెడతారు, మంట త్వరగా అంటుకోవడం దాని మీదే ఆధారపడి ఉంటుంది. దాన్ని చెడగొడితే ఫ్లో అంకె (పోర్టులోంచి వెళ్ళే గాలి కొలత) పెరిగి పవర్ తగ్గే వింత కూడా జరగొచ్చు. క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు), ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ అన్నీ కంపెనీ ఇచ్చినట్టే ఉంచి పోర్టులు మాత్రం చేద్దామనుకునేవాళ్ళకి నా సలహా ఒక్కటే, వద్దు.

ఇంకా చెయ్యాలనే ఉంటే ముందు పనికిరాని పాత హెడ్ ఒకటి సంపాదించండి. వీలైతే దాన్ని అడ్డంగా కోసి చూడండి, గోడకి అవతల వాటర్ జాకెట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు తిరిగే చోటు) ఎంత దగ్గరగా ఉందో తెలిస్తే చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు కాస్త జరిగితే ఒకే హెడ్‌లో ఒక పోర్టు గోడ మందంగా, పక్కది పల్చగా రావొచ్చు, కాబట్టి ఒకదాంట్లో బతికిపోయాం కదా అని రెండోదాంట్లో అంతే తియ్యకూడదు. చిల్లు పడితే అల్యూమినియం వెల్డింగు, ఆ వేడికి హెడ్ వంగడం, మళ్ళీ ఫేసింగ్ (హెడ్ అడుగును చదును చేయించడం), అదో పెద్ద తలనొప్పి.

అల్యూమినియానికి వెడల్పు పళ్ళున్న కార్బైడ్ బర్ వాడండి, ఇనుముకి వాడే సన్నపళ్ళది క్షణాల్లో పూడుకుపోతుంది. కాస్త మైనమో కిరోసినో పట్టిస్తూ ఉంటే ఇంకా నయం. సీటు మీద బర్ జారకుండా పాత వాల్వు ఒకటి గైడులో పెట్టి ఉంచండి. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి, వదులు చేతి తొడుగులు మాత్రం తిరిగే పనిముట్టు దగ్గర వద్దే వద్దు. ఒక పోర్టు పూర్తి చేసి తర్వాతదానికి పోకుండా, ఒక్కో దశను అన్ని పోర్టుల్లోనూ చేసుకుంటూ వెళ్తే అన్నీ ఒకేలా వస్తాయి. గాస్కెట్ మ్యాచింగ్ (మానిఫోల్డ్, హెడ్ రంధ్రాల్ని మధ్యలో ఉండే గాస్కెట్ రంధ్రానికి సరిపెట్టడం) విషయంలో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ రంధ్రం హెడ్ పోర్టు కంటే వెంట్రుకవాసి చిన్నదున్నా ఫర్వాలేదు, పెద్దది ఉండి గాలి వెళ్ళి హెడ్ అంచును గుద్దుకోవడమే చెడు.

దహన గదిలో చెయ్యి పెట్టేముందు లెక్క చూసుకోండి. 150 సీసీ సింగిల్ సిలిండర్, కంప్రెషన్ (గాలి ఎన్నో వంతుకి నొక్కుకుంటుందో ఆ లెక్క) 10:1 అంటే పిస్టన్ పైకి చేరాక పైన మిగిలే చోటు 16.7 సీసీ. నునుపు పేరుతో ఒక్క సీసీ లోహం తీసేస్తే కంప్రెషన్ 9.5కి దిగుతుంది, పోర్టుల్లో సంపాదించింది అక్కడే ఖర్చయిపోతుంది.

అంతా అయ్యాక వేడినీళ్ళు, సబ్బు, బ్రష్, తర్వాత గాలి కొట్టి ఆయిల్ దారులన్నీ శుభ్రం చెయ్యండి, ఒకటికి రెండుసార్లు. ఇంజిన్ బిగించాక కొత్తగా వచ్చే గాలికి తగ్గ పెట్రోలు కూడా అందాలి, కార్బురేటర్ అయితే జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ముక్క) మార్చాలి, ఇంజెక్షన్ అయితే మ్యాప్ (ఎప్పుడెంత పెట్రోలు కొట్టాలో కంప్యూటర్లో ఉండే పట్టిక) చూపించాలి. ఎక్కువ లోడు మీద మిశ్రమం పల్చగా ఉన్నట్టు తేలితే అది సరిచేసేదాకా ఫుల్ థ్రాటిల్ ఇవ్వకండి.