క్లో అని మొదలయ్యే క్రీమ్

నాకు తామర వచ్చిన సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆరు నెలలు దాచాను, కాబట్టి ఇప్పుడు దాపరికం లేకుండా చెప్పేస్తాను. లంగా బొందు కట్టుకునే చోట, నడుముకి కుడిపక్క, రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చతో మొదలైంది. అంచు కాస్త ఉబ్బి సన్నగా పొట్టు లేస్తూ ఉండేది, మధ్యలో మాత్రం మామూలు చర్మమే. నేనేమో బొందు బిగుతుకి ఒరుసుకుపోయిందనుకుని కొబ్బరినూనె రాసి వదిలేశాను.

అది మే నెల. మా నెల్లూరులో రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు, చెన్నైలో మే ఎండని కత్తిరి వెయిల్ అంటారు. ఎండ సంగతి ఎలా ఉన్నా ఇక్కడి ఉక్కపోత వేరు. వేళచేరిలో రైలెక్కి తిరుమయిలైలో దిగేసరికి నడుం చుట్టూ చీర ముద్దయిపోయేది, ఆ తడి బట్టలతోనే సాయంత్రం ఆరు దాకా ఆఫీసులో లెక్కలు చూసుకోవడం. వారం తిరిగేసరికి మచ్చలు మూడయ్యాయి, ఒకటి గజ్జల్లోకి దిగింది. రాత్రి ఫ్యాన్ కింద పడుకున్నాక మొదలయ్యేది అసలు దురద, నిద్రలోనే గోకేసి పొద్దున గోళ్లలో రక్తం చూసుకునేదాన్ని.

అమ్మకి ఫోన్ చేసి నసిగాను. "తామర అయ్యుంటుంది, దానికింత గొడవేందే, వేపాకు పసుపు నూరి పట్టించు" అంది. పట్టించాను. చీర పసుపైంది, దురద అలాగే ఉంది. పక్క ఫ్లాట్ ఆంటీది ఒంగోలు, ఆవిడ "నాకూ వచ్చిందమ్మా, ఏదో క్లో అని మొదలయ్యే క్రీమ్ వాడితే మూడు రోజుల్లో పోయింది" అన్నారు. మందుల షాపుకి వెళ్లి, మగపిల్లాడి ముందు ఎక్కడో చెప్పలేక చెయ్యి చూపించి "పడర్ తామరై" అని నాకొచ్చిన అరవంలో అంటే (తామర అక్కడా తామరే, అదొక్కటే సుఖం), క్లో అన్న మాట కూడా చెబితే, అతను చీటీ గీటీ అడక్కుండా ఒక ట్యూబ్ తీసిచ్చాడు.

నిజంగానే మూడు రోజుల్లో దురద మాయం. అయిదో రోజుకి ఎరుపు కూడా తగ్గింది. ఆంటీకి మైసూర్‌పాక్ కూడా ఇచ్చాను! వారానికి క్రీమ్ ఆపేశాను, పదిహేను రోజులకి మచ్చ మళ్లీ వచ్చింది, ఈసారి అరచేయంత. మళ్లీ ట్యూబ్, మళ్లీ మూడు రోజుల సుఖం, మళ్లీ ఆపడం, మళ్లీ రావడం. ఇలా దీపావళికి నాలుగు ట్యూబులయ్యాయి. మచ్చకి గుండ్రటి అంచు కూడా పోయింది, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా నడుం చుట్టూ, తొడల మీద గోధుమరంగు అట్టలా పాకింది. నవంబరు వానల్లో బట్టలారేవి కావు. సగం తడి లోదుస్తులు ఇస్త్రీ పెట్టెతో కాస్త వెచ్చబెట్టుకుని వేసుకుని పోయేదాన్ని, అంత తెలివి నాది.

గజ్జల్లో ఎర్రటి చారలు కనిపించిన రోజు భయం వేసింది. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీద వస్తాయే, అలాంటివి. ఆ రోజు సెలవు పెట్టి చర్మం డాక్టరు దగ్గరికి పోయాను, మా ఆయన్ని కూడా రమ్మన్నాను.

డాక్టరమ్మ చూసి మొదట అడిగింది, ట్యూబ్ తెచ్చావా అని. సంచిలోంచి తీసిచ్చాను. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు పేర్లున్నాయి, మొట్టమొదటిదాని మీద వేలు పెట్టి చదవమంది. క్లోబెటసాల్. "తామర ఫంగస్ వల్ల వచ్చేది. ఇది ఫంగస్ మందు కాదు, గట్టి స్టెరాయిడ్. ఫంగస్ మందు క్లోట్రిమజోల్. రెండూ క్లో అనే మొదలవుతాయి" అంది. నా తల తిరిగిపోయింది. ఆంటీ వాడింది ఏ క్లోవో ఆవిడకే గుర్తులేదని తర్వాత తెలిసింది. కానీ నా ట్యూబులో చివరన ఫంగస్ మందు కూడా ఉంది కదా అన్నాను. ఉంటే ఏం, ఒక చేత్తో దొంగని కొడుతూ రెండో చేత్తో తలుపు తీసి పెట్టినట్టు అని నవ్వింది. ఎరుపూ దురదా ఒంట్లోని శక్తి ఫంగస్‌తో పోట్లాడుతుంటే వచ్చేవట, స్టెరాయిడ్ ఆ పోట్లాటని అణిచేస్తుంది, మనకి హాయిగా ఉంటుంది, ఫంగస్‌కి అంతకన్నా హాయిగా ఉంటుంది. పైగా చర్మం పలచబడి చారలొస్తాయి. 2018లోనే కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చిందట, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నాకు మాత్రం నాలుగుసార్లూ పెన్సిల్ కొన్నంత సులువుగా ఇచ్చారు.

తర్వాత మొద్దు బ్లేడుతో మచ్చ మీద పొట్టు గీకి గాజు పలక మీద వేసి, ఏదో మందుచుక్క వేసి కాసేపాగి మైక్రోస్కోప్‌లో చూసింది. నన్నూ చూడమంది. మసక వెలుగులో సన్నటి గాజు దారాల్లాంటివి, అక్కడక్కడా కొమ్మలు వేసి. ఆరు నెలలు నేను మేపింది ఈ ఫంగస్‌నా అనిపించింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగితే లేదన్నాను. పక్కన కూర్చున్న మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. డాక్టరమ్మ కాసేపు ఆయన్నే చూసింది. "కొంచెం ఉందండీ" అన్నాడు. కొంచెమేంటి, రెండు తొడలకీ ఉంది! నా ట్యూబే దొంగతనంగా వాడుతున్నాడట, అందుకే అంత తొందరగా అయిపోయేవి. ఇద్దరిదీ ఒకే తువ్వాలు. కోపం వచ్చింది గానీ దాచింది నేనూ కదా, ఆటోలో మాట్లాడకుండా వచ్చాం.

ఇద్దరికీ మందులు రాసింది. పూతకి లులికొనజోల్ అనే ఫంగస్ మందు, అందులో స్టెరాయిడ్ లేదని పేరు కింద గీత గీసి మరీ చూపించింది. బాగా పాకింది కాబట్టి ఇట్రాకొనజోల్ మాత్రలు కూడా. ముందు లివర్ పరీక్ష చేయించింది, కడుపుతో లేవు కదా అని అడిగింది. నేను పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర ఆపించింది, కడుపులో పులుపు ఉంటేనే ఈ మాత్ర ఒంటికి పడుతుందట, అందుకే అన్నం తిన్న వెంటనే వేసుకోమంది. మన దగ్గర ఇప్పుడు తిరుగుతున్న తామర మొండిదట, చాలామందిలో టెర్బినఫైన్ అనే ఫంగస్ మందుకి లొంగడం లేదంది. ఇంటికొచ్చి చదివితే దానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు కూడా పెట్టారు, పేరులోనే మన దేశం!

స్టెరాయిడ్ ఆపిన మొదటి వారం నరకం. దురద రెట్టింపు, ఎరుపు రెట్టింపు. రాత్రి రెండింటికి లేచి చన్నీళ్ల గుడ్డ వేసుకుని కూర్చునేదాన్ని. పాత ట్యూబ్ అల్మారాలో ఇంకా ఉంది, ఒక్కసారి రాస్తే ఏమవుతుందని చెయ్యి దాని దాకా వెళ్లింది. ఇలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఆగాను గానీ, లేకపోతే కొత్త మందు పడలేదనుకుని అయిదో ట్యూబ్ కొనేదాన్నే.

క్రీమ్ రాయడం కూడా నాకు రాదని అప్పుడే తెలిసింది. నేను ఎర్రగా ఉన్నచోట మాత్రమే, స్నానం చేసిన తడి మీద, బోలెడంత రుద్దేదాన్ని. చర్మం పూర్తిగా ఆరాలి. మచ్చ దాటి రెండు సెంటీమీటర్ల చుట్టూ కూడా రాయాలి, పైకి బాగున్న ఆ చర్మంలోకి అప్పటికే పాకి ఉంటుంది కాబట్టి. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. రాశాక చెయ్యి కడుక్కోవాలి. ముఖ్యంగా, మచ్చ పోయినట్టు కనిపించాక కూడా రెండు వారాలు ఆపకూడదు. నేను ప్రతిసారీ పల్టీ కొట్టింది అక్కడ కూడా.

తువ్వాళ్లు వేరు చేశాం, నాది నీలం, ఆయనది గళ్లది. లోదుస్తులు, లంగాలు వేడినీళ్లలో ఉతికి తిరగేసి ఎండలో వేసేదాన్ని, వాన రోజు బొందు మడతల మీద ఇస్త్రీ బాగా నొక్కేదాన్ని. ఆఫీసులో మధ్యాహ్నం మార్చుకోవడానికి ఒక జత. లంగా బదులు వదులు పంజాబీ డ్రెస్సులు వేసుకుంటుంటే మా అత్తయ్య ఒకసారి అదోలా చూశారు, విషయం చెప్పాక ఆవిడే బజారుకెళ్లి రెండు నూలు ప్యాంట్లు తెచ్చారు.

నాలుగో వారానికి పొట్టు లేవడం ఆగింది. ఏడో వారానికి డాక్టరమ్మ మళ్లీ గీకి చూసి దారాలు లేవంది, అయినా పూత ఇంకో రెండు వారాలు. సంక్రాంతికి పట్టుచీర కట్టుకున్నాను, మే తర్వాత అదే మొదటిసారి.

పక్కింటి ఆంటీ నా మాత్రల పేరు రాసిమ్మని అడిగారు. ఆవిడ కొలెస్ట్రాల్ మందు వాడతారు, ఇట్రాకొనజోల్‌కి దానితో పడదు, అందుకని పేరు బదులు డాక్టరమ్మ అడ్రస్ రాసిచ్చాను. ఆవిడకి కాస్త కోపం వచ్చినట్టుంది. అల్మారాలో మిగిలిన ట్యూబ్ నేను చెత్తలో పడేశాను. గజ్జల్లో చారలు తెల్లబడ్డాయి, పూర్తిగా పోవని డాక్టరమ్మ అప్పుడే చెప్పేసింది.