రస్కుతో అరకు

అరకు వెళ్తున్నాం అంటే వైజాగ్‌లో ఎవరైనా ముందు అడిగేది "రైలుకేనా?" అని. పొద్దున్నే కిరండూల్ రైలెక్కడం, సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలూ పెద్దలూ కలిసి కేకలు పెట్టడం, బొర్రాలో దిగిపోవడం. మాకు ఆ యోగం లేదు, ఎందుకంటే మాతో రస్కు వస్తుంది. కుక్కను మన పక్కన కూర్చోబెట్టుకుని రైల్లో తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన పేరున ఉండాలి. లేదంటే దాన్ని గార్డు దగ్గరి లగేజీ పెట్టెలో ఎక్కించాలి. ఒంటరిగా ఆ పెట్టెలో కూర్చుని సొరంగాలన్నీ దాటాలంటే రస్కు గుండె ఆగిపోతుంది. దీపావళికే మంచం కిందికి దూరి రెండో రోజు దాకా బయటికి రాని కుక్క అది.

అందుకే కారు. డిసెంబరు మొదట్లో, చలి పట్టుకునే వేళకి.

రస్కు జాతి కుక్కేం కాదు. మా సందు చివర టీ కొట్టు దగ్గర, గ్లాసులో ముంచిన రస్కు ముక్కల కోసం కాచుకుని పెరిగిన వీధి కుక్క. ఒంటి రంగూ అదే. ఓ వాన రాత్రి మా గేటు లోపలికొచ్చి మెట్ల కింద పడుకుంది, ఇక వెళ్ళలేదు. నాకు బేకింగ్ పిచ్చి, దానికి తిండి పిచ్చి కాబట్టి మా ఇద్దరికీ వెంటనే కుదిరింది. ఓటీజీ (మా చిన్న కరెంటు ఓవెన్) తలుపు తీసిన చప్పుడు వినబడితే చాలు, మేడ మీద ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది.

అది వచ్చాక మా ఇంటి కేకుల తీరు మారిపోయింది. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. చాలామంది "ఒక్క ముక్కే కదా" అంటారు కానీ కిస్మిస్ కొద్దిగా తిన్నా కిడ్నీలు దెబ్బతినొచ్చని డాక్టరు చెప్పాక నేను వాటిని వంటింట్లోకే రానివ్వడం మానేశాను. క్రిస్మస్‌కి పక్కింటివాళ్ళు ఇచ్చే ప్లమ్ కేక్ అల్మరా పై అరలోకి వెళ్తుంది. మామయ్యగారు స్టూలు వేసుకుని మరీ తీసుకుని తింటారు, తిన్నాక గిన్నె నా చేతికిచ్చి "కుక్కకున్న మర్యాద మనకి లేదమ్మా" అంటారు.

బయల్దేరే ముందు రాత్రి రెండు రకాలు చేశాను. రస్కుకి చోడిపిండి, అంటే రాగిపిండి, బిస్కెట్లు. చోడిపిండిలో బాగా మగ్గిన అరటిపండు మెత్తగా పిసికి, ఒక గుడ్డు కొట్టి పోసి, గట్టిగా కలిపి, చపాతీలా ఒత్తి ముక్కలు కోసి, ఓటీజీలో 160 డిగ్రీల మీద గట్టిపడేదాకా ఉంచడమే. పంచదార లేదు, ఉప్పు లేదు, నెయ్యి లేదు. చల్లారాక కొరికితే టక్ మనాలి. మనుషులకేమో అనకాపల్లి బెల్లంతో గోధుమపిండి కేకు, జీలకర్ర బిస్కెట్లు. చివరికి మా అమ్మాయి కారులో తిన్నది చోడి బిస్కెట్లే. రస్కు ఆ అన్యాయాన్ని వెనక సీట్లోంచి కళ్ళార్పకుండా చూసింది.

తిన్నది అని రాశాను గానీ, రస్కుకి మాత్రం ఘాట్ దాటేదాకా ఏమీ పెట్టలేదు. కుక్కతో కొండ రోడ్డు ఎక్కేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే: ఖాళీ కడుపుతో ఎక్కించండి, నీళ్ళు మాత్రం కొంచెం కొంచెంగా పట్టండి. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా అది కిటికీలోంచి తల బయటపెట్టి వచ్చేపోయే లారీలన్నిటినీ పలకరించింది. ఎస్.కోటలో టీ తాగాం. బొడ్డవర దాటి మలుపులు మొదలయ్యాక చెవులు వెనక్కి వాల్చి, నా ఒళ్ళో తల పెట్టేసింది. టైడా రాకముందే నోట్లో నురుగు. కారు ఆపాం. ఖాళీ కడుపు కాబట్టి పసరు తప్ప ఏమీ రాలేదు. రోడ్డు పక్క గడ్డి నాలుగు పరకలు కొరికి, ఒళ్ళు విదిలించుకుని, ఇక పదండి అన్నట్టు నిలబడింది.

అలా ఆగబట్టే ఆ ఘాట్‌ని మొదటిసారి సరిగ్గా చూశాననుకుంటాను. ఎప్పుడూ గాలికొండ వ్యూ పాయింట్‌లో దిగి ఫొటో తీసుకుని ఎక్కేసే రోడ్డే. ఈసారి అనంతగిరి దగ్గర కాఫీ తోట వారగా, రస్కు ఎంతసేపు వాసన చూస్తే అంతసేపు నిలబడ్డాం. పైన నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు, వాటి నీడన నడుము ఎత్తు కాఫీ మొక్కలు. కొమ్మ పొడుగునా పళ్ళు గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి. ఒకే గుత్తిలో కొన్ని పచ్చివి, కొన్ని దోరవి, కొన్ని కందిపోయినంత ఎర్రవి. కోతకొచ్చినవాళ్ళు ఎర్రవి మాత్రమే వేళ్ళతో తిప్పి తెంపుతున్నారు, పచ్చివి మళ్ళీ వచ్చినప్పటికి వదిలేస్తున్నారు. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని తెలుసు, పొట్లాలూ కొంటాం. ఒక కప్పు వెనక ఇంత ఏరుడు ఉందని మాత్రం అక్కడ నిలబడితేనే తెలిసింది. ఒకావిడ ఎర్ర పండు ఒకటి చిదిమి మా అమ్మాయికి ఇచ్చింది. గుజ్జు తియ్యగా ఉంటుంది, లోపల జిగురు పట్టిన రెండు గింజలు. రస్కు చెయ్యి చాచిన ప్రతివాళ్ళ దగ్గరికీ వెళ్తుంది కాబట్టి దాన్ని నేను పట్టుకున్నాను. కాఫీ కూడా కుక్కకి పడదు.

మలుపుల దగ్గర పిట్టగోడల మీద కోతులు. వాటికి కారు అంటే చిప్స్ పేకెట్టు. మా కారు దగ్గరికి హుషారుగా వచ్చి, అద్దం వెనక రస్కు మొహం చూసి వెనక్కి గెంతాయి. రస్కూ అంతే వేగంగా సీటు కిందికి గెంతింది.

బొర్రా గుహలకి వంతులేసుకున్నాం. మావారూ అమ్మాయీ లోపలికి, నేనూ రస్కూ బయట. నేను ముందే చూసినవే, గోస్తని నది సున్నపురాతిని కోసుకుంటూ చేసిన ఆ గదులూ, చుక్క చుక్క కారి కట్టిన రాతి స్తంభాలూ. ఎన్నిసార్లైనా చూడొచ్చు గానీ, అంత జనంలో, అంత చీకట్లో కుక్కతో పని కాదు. మా అసలు ప్లాను కటికి జలపాతం. బొర్రా నుంచి అందరూ జీపుల్లో వెళ్తారు. ఆ రాళ్ళ దారిలో జీపులో ఎగిరెగిరి పడటం ఒక సరదాయే. మేం నడిచాం. రస్కుకి నడక అంటే అసలైన సెలవు. తాడు లాగి పట్టి, తోక జెండాలా నిలబెట్టి ముందు నడిచింది. దారిలో ఓ చోట కింద లోయలోంచి పెద్ద రొద మొదలై, కాసేపటికి గూడ్సు బండి కనబడింది. బైలదిల్లా ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి దింపే బళ్ళు. 1960లలో ఈ లైను వేసిందే దానికోసం. మనం అద్దాల బోగీల్లో చూసే అందమంతా ఆ ఖనిజం పుణ్యమే. బండి పూర్తిగా వెళ్ళేదాకా రస్కు నా కాళ్ళ మధ్య నిలబడింది.

జలపాతం దగ్గర జనం తక్కువే. మడుగులో నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లన. రస్కు ముందరి కాళ్ళు రెండూ పెట్టి, తీసి, నా మొహం చూసి, మళ్ళీ పెట్టింది. మా అమ్మాయి దిగాక ఇక ఆగలేదు. ఈదింది! మా వీధి కుక్క ఈదగలదని మాకెవరికీ తెలియదు. అడవి దారిలో మాత్రం తాడు విప్పలేదు. కోళ్ళూ మేకలూ తిరిగే ఊళ్ళు, పొదల్లో ఏముంటాయో తెలియని చోటు. కుక్క స్వేచ్ఛ అని వీడియోల్లో వదిలేస్తుంటారు, నాకు నచ్చదు. ఎవరో పెంచుకున్న కోడిని పట్టుకుంటే ఆ నష్టం వాళ్ళది.

బస దొరకడం కొంచెం కష్టమే అయింది. ఫోన్లో రేటు, వేణ్ణీళ్ళు, భోజనం అన్నీ మాట్లాడుకున్నాక "కుక్క కూడా ఉందండీ" అనగానే అవతల గొంతు మారిపోయేది. చివరికి తెలిసినవాళ్ళ ద్వారా అరకు దాటాక ఒక చిన్న ఊళ్ళో ఒకావిడ ఇంట్లో గది దొరికింది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో, అప్పా అని పిలిచాను. కారు దిగగానే రస్కుని చూసి నవ్వింది.

"ఏటమ్మా, కుక్కని కారులో తిప్పుతున్నారేటి? మా కుక్కలు మమ్మల్ని కొండంతా తిప్పుతాయి."

ఆ కుక్కలు అప్పటికే వచ్చేశాయి. గుంపు. రస్కు చుట్టూ వలయం కట్టి గుర్రుమంటున్నాయి. అప్ప తన ఇంటివాళ్ళతో మాట్లాడే ఆదివాసీ ఒడియాలో ఏదో గట్టిగా అంది, అన్నీ రెండడుగులు వెనక్కి వేశాయి. నేను బిస్కెట్లు తీయబోతే వద్దంది. గుంపు మధ్య తిండి పడితే కొట్లాటేనట. ఊరికే నిలబడమంది. ఒక నల్ల కుక్క వచ్చి రస్కు వెనకాల వాసన చూసింది, రస్కు చెవులు దించి ఓర్చుకుంది. అంతే, అనుమతి దొరికింది. చీకటి పడేసరికి అప్ప ఇంటి అరుగు మీద అవన్నీ ఒక్క కుప్పగా పడుకున్నాయి, మధ్యలో స్వెట్టరు వేసుకున్న రస్కు. ఊరి పిల్లలు ఆ స్వెట్టరు చూడ్డానికే రెండు మూడు జట్లుగా వచ్చి వెళ్ళారు.

నా బెల్లం కేకు తిన్నాక అప్ప "ఇది పొయ్యి మీద అవదా?" అని అడిగింది. నాకు అంతకంటే ఏం కావాలి? కరెంటు ఓవెన్ లేకుండా కుక్కర్‌లో ఇసుక పోసి కేకు చెయ్యడం మా అమ్మ దగ్గర చూసిందే. ఇక్కడ కుక్కర్ బదులు పెద్ద దబర. గెడ్డ (వాగు) ఇసుక కడిగి ఎండబెట్టింది ఉంది. అడుగున దాన్ని మూడు వేళ్ళ మందాన పోసి, మూత పెట్టి, కట్టెల మంట మీద బాగా కాగనిచ్చాం. చోడిపిండి సగం, గోధుమపిండి సగం, పెరట్లో గెల నుంచి మాగిన అరటిపళ్ళు, తరిగిన బెల్లం, నాటుకోడి గుడ్లు, ఊరి కొట్లో దొరికిన తినేసోడా, అది పొంగడానికి రెండు గరిటెల పుల్ల మజ్జిగ. వెన్న ఆ చలికి రాయిలా ఉంది. అప్ప ఇంట్లో వలిసె గింజల నూనె ఉంటే అదే పోశాం. నువ్వులు వేయించినప్పటి వాసనకి దగ్గరగా ఉంటుంది గానీ ఇంకొంచెం ఘాటు.

900 మీటర్ల ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయని, కేకు తీరు మారుతుందని మావారు లెక్కలు చెప్పారు. కేకుకి ఆ లెక్కతో పెద్ద పని పడలేదు. చలీ, మంటా అసలు సమస్య. కట్టె మంట ఒక్క తీరున ఉండదు కదా. అప్పే దారి చూపించింది. మంట తీసేసి నిప్పులు మాత్రం ఉంచి, ఇంకొన్ని నిప్పులు మూత మీద పోసింది. పైనా కిందా వేడి. ఓటీజీలో రెండు కడ్డీలు చేసే పనే. ముప్పావు గంటకి వెదురు పుల్ల గుచ్చి తీస్తే పొడిగా వచ్చింది. పైన అక్కడక్కడ మాడి, మధ్యలో కొంచెం పగిలి, రాగి రంగులో వచ్చింది. నా ఓటీజీ కేకుల్లో ఏదీ దానికి సాటి రాదు. పొగ వాసన ఎక్కడి నుంచి తేగలను?

మిగతాది అందరూ చూసేదే, తొందరగా చెప్తాను. వలిసె పూల పొలాలు పసుపుపచ్చగా విరబూసి ఉన్నాయి. ఫొటో తీసుకునేవాళ్ళ దగ్గర రైతులు గట్టు మీద డబ్బు తీసుకుంటున్నారు, తీసుకోవాలి కూడా. నూనె గింజల పంట అది, తొక్కేది మనం. రోడ్డు పక్క బొంగులో చికెన్ దగ్గర ఆగితే అక్కడి కుర్రాడు, మసాలా లేకుండా ఎముకలు తీసిన ముక్కలు ఒక చిన్న బొంగులో కూరి, ఆకు బిరడా పెట్టి, రస్కు కోసం వేరుగా కాల్చాడు. ఉల్లిపాయ వద్దు, ఉడికిన ఎముక వద్దు అని నేను చెప్తుంటే "అంత భయమైతే మీరే తినిపించండి మేడమ్" అన్నాడు. డబ్బు సగమే తీసుకున్నాడు. చాపరాయి దగ్గర నీళ్ళు పల్చగా జారుతూ అమాయకంగా కనబడతాయి, నాచు పట్టిన బండ మాత్రం మహా మోసం. పైవైపు గట్టు దగ్గరే కాళ్ళు తడుపుకుని వచ్చేశాం. వంజంగి కొండ మీంచి మేఘాలు చూడటం ఈసారికి వదులుకున్నాం. సెలవు రోజు తెల్లవారుజామున ఆ గుంపులోకి కుక్కని తీసుకెళ్ళడం దానికీ శిక్షే, జనానికీ శిక్షే.

ఇంటికొచ్చాక మొదటి పని స్నానం కాదు, పిడుదులు ఏరడం. చెవి మడతల్లో, వేళ్ళ సందుల్లో, తోక కింద వెతికి, పట్టకారుతో చర్మం దగ్గరగా పట్టుకుని తిన్నగా లాగాలి. చిదమకూడదు. బయల్దేరే ముందు మెడ మీద మందు వేయించినా, కొన్ని దొరికాయి. అరుగు మీది స్నేహాల ఫలితం.

క్రిస్మస్ ముందు అప్ప ఫోన్ చేసింది. వాళ్ళింట్లో పండగ కదా, కేకు తనే చేసిందట. ముందు రస్కు ఎలా ఉందని అడిగి, తర్వాత అసలు సంగతి చెప్పింది. అడుగు మాడిపోయిందట, పై ముక్క మాత్రం పిల్లలు కొట్టుకుని తిన్నారట.

"ఇసుక ఎంత పోశావప్పా?"

"తక్కువయింది. నువ్వొచ్చినప్పుడు సరిగ్గా కొలిచి చెప్పు. ఆ స్వెట్టరు కూడా ఒకటి తే, మా నల్లదానికి."

కొలత అడిగి తీసుకున్నాను. నడుము చుట్టూ ఎంతో, మెడ దగ్గర ఎంతో.