సావరిన్టీ, సూజరిన్టీ: నిజాం రాజ్యంలో ఎవరిది ఏది?

నిజాం కాలపు ఇంగ్లిష్ కాగితాలు చదివేటప్పుడు ఈ రెండు మాటలనూ ‘సార్వభౌమాధికారం’ అని తెలుగు చేస్తే అసలు తగవే కనబడకుండా పోతుంది. సావరిన్టీ అంటే తన పైన మరొకరు లేని అధికారం. సూజరిన్టీలో కింది రాజు రాజుగానే ఉంటాడు. దర్బారు, న్యాయస్థానాలు, శిస్తు ఆయనవే. పరదేశాలతో సంబంధాలు, యుద్ధం, సంధి మాత్రం పైవాడి చేతిలో ఉంటాయి. దీన్ని అధిరాజ్యం అనుకోవచ్చు.

హైదరాబాద్‌కు సొంత నాణెం హాలీ సిక్కా ఉండేది, సొంత తపాలా బిళ్లలుండేవి. అదే ఊళ్లో కోఠీలో బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి అయిన రెసిడెంటు, సికింద్రాబాద్‌లో వాళ్ల ఫౌజు. నిజాం రాజ్యంలోదే, ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న బీరార్ సంగతి ఇంకా చిక్కు. 1853లోనే అది బ్రిటిష్ పాలనలోకి వెళ్లింది. 1902లో ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు రాయించుకున్నారు. 1936 ఒప్పందంలో మాత్రం అక్కడి సావరిన్టీ నిజాందేనని ఒప్పుకున్నారు, పాలన వదల్లేదు. కాబట్టి సావరిన్టీ ఫలానా వాళ్లదని కనబడగానే పాలన కూడా వాళ్లదే అనుకోకూడదు.

ఈ బీరార్ గొడవలోనే, విదేశీ వ్యవహారాలు తప్ప మిగతా వాటిలో తాను బ్రిటిష్ ప్రభుత్వంతో సమానమని నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వాదించాడు. 1926 మార్చి 27న వైస్రాయ్ రీడింగ్ జవాబిస్తూ బ్రిటిష్ రాజు సావరిన్టీయే హిందూదేశమంతటా సర్వోన్నతమన్నాడు. చట్టం మాట అది కాదు. 1889 నాటి ఇంటర్‌ప్రిటేషన్ చట్టం సంస్థానాల విషయంలో వాడింది సూజరిన్టీ. 1947 స్వాతంత్ర్య చట్టం 7వ సెక్షన్ కూడా సంస్థానాలపై సూజరిన్టీ రద్దవుతుందనే రాసింది, ఢిల్లీకి బదిలీ అవుతుందని రాయలేదు.

ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. వదులుకున్న హక్కులు సంస్థానాలకు తిరిగొస్తాయన్న వాక్యం 1946 మే 12 నాటి కేబినెట్ మిషన్ (అధికార బదిలీ గురించి మాట్లాడటానికి వచ్చిన బ్రిటిష్ మంత్రుల బృందం) మెమొరాండంలోది. చట్టంలో అది లేదు. బ్రిటిష్ వాళ్లు వెళ్లాక తాను స్వతంత్రుడినన్న నిజాం వాదనకు ఊతం ఆ మెమొరాండంలో ఉంది తప్ప, 1947 చట్టంలో వెతికితే దొరకదు.

సంస్థానాలు భారతదేశంలో చేరుతూ సంతకం చేసిన విలీన పత్రం తిరగేస్తే ఇంకో ఆశ్చర్యం. రక్షణ, విదేశీ వ్యవహారాలు, కమ్యూనికేషన్లు అప్పగిస్తూనే, 8వ క్లాజులో రాజు సావరిన్టీ కొనసాగుతుందని ఉంటుంది. హైదరాబాద్ ఆ పత్రంపై సంతకం చేయలేదు. 1947 నవంబర్ 29న పాత ఏర్పాట్లే కొనసాగేలా ఏడాది గడువుతో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం మాత్రం కుదుర్చుకుంది. పాత అధిరాజ్యపు అధికారాలేవీ ఇందులో లేవని ఆ ఒప్పందంలోనే విడిగా రాయించారు.