పెత్రమాస ముందు రోజు, పాత పహాణీలు

రేపు పెత్రమాస (పితృ అమావాస్య). బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు తండ్రి, తాత, ముత్తాత పేర్లు అడుగుతరు. చాలా ఇండ్లల్లో మూడో పేరు కాడ తడబాటు మొదలైతది. అంతకన్నా పైకి పోవాలంటే కాగితాలే దిక్కు. ఇవాళ పొద్దంతా మిర్యాలగూడ దిక్కు ఊరి పాత భూమి కాగితాల నకళ్లతోనే గడిచింది.

1800ల్లోకి ఒక్కసారే దుంకొద్దు. ముందు 1954–55 కాస్రా పహాణీ (ఏ నంబరు భూమి ఎవరిదో రాసిన లెక్క) తీయాలె, అందులోని సర్వే నంబరు పట్టుకొని వెనక్కి సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు) దాకా పోవాలె. తాత పేరు చెప్తే రికార్డు దొరకదు. ఊరు, పాత తాలూకా, నంబరు చెప్పాలె. మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో వచ్చింది, అంతకుముందు అది పాలమూరు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం ఊర్లయితే ఇంకో చిక్కు: శిస్తు సంస్థానాలే వసూలు చేసుకునేవి కాబట్టి దివానీ (నిజాం సర్కారు) కట్టల్లో ఎంత వెతికినా లాభం లేదు.

తేదీలు ఫస్లీలో, అంటే నిజాం కాలపు శిస్తు లెక్కల ఏడాదిలో ఉంటయి. ఆజర్ నెల అక్టోబరులో మొదలైతది గనుక ఇంగ్లీషు ఏడాది కావాలంటే ఫస్లీకి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలె. 1300 ఫస్లీ అంటే 1890–91.

అసలు కష్టం పేర్లది. తాత పేరు మనవడికి పెడతరు. ‘నర్సయ్య వల్ద్ ముత్తయ్య’ (వల్ద్ అంటే ఫలానా ఆయన కొడుకు), తర్వాత ‘ముత్తయ్య వల్ద్ నర్సయ్య’, మళ్లీ మొదటిదే. అన్నదమ్ముల కొడుకులు ఇద్దరికీ ఒకే తాత పేరు పెడితే ఊర్ల ఇద్దరు నర్సయ్యలు. పైగా ఉర్దూ గొలుసు రాతలో చుక్కలు ఎగిరిపోతే పుల్లయ్య, బుల్లయ్య ఒక్కతీరుగనే కనిపిస్తరు. అప్పుడు పేరును నమ్మొద్దు, భూమిని నమ్మాలె. ఏడెకరాల ఇరవై గుంటలు ముగ్గురు పంచుకుంటే తలా రెండెకరాల ఇరవై రావాలె. రెండు పాళ్లే కనిపిస్తే మూడో అన్నదమ్ముడు అమ్ముకున్నడా, వలస పోయిండా, సంతానం లేక పోయిండా అన్నది ఫైసల్ పట్టీలో (ఏటా భూమి చేతులు మారిన లెక్కలో) చూడాలె. విరాసత్ (వారసత్వం) ఫైలు దొరికితే వారసులందరూ ఒక్క కాడ ఉంటరు. అంతకన్నా విలువైన కాగితం ఇంకోటి లేదు.

నిజాం రాజ్యంలో మొదటి జనాభా లెక్కలు 1881వి. అచ్చయినవి అంకెలే, వాటిలో మనుషుల పేర్లు వెతకొద్దు.

భూమి లేని ఇండ్లు ఈ దఫ్తర్లల్లో దాదాపు కనిపించవు. ఆ అన్యాయాన్ని కొంతయినా తీర్చేది నోటి మాటే. మాదిగలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌండ్లకు గౌడజెట్టివాళ్లు కులం కథ, వంశాలు చెప్తరు. వాళ్లు చెప్పేటప్పుడు మధ్యల ఆపి పేర్లు అడగొద్దు, వరస తెగుతది. మొత్తం చెప్పనిచ్చి ఫోన్‌లో రికార్డు చేసుకొని, తర్వాత వాళ్లతోనే కూసోని ఇంటిపేర్లు ఒక్కొక్కటి సరిచూసుకోవాలె.