అడిగి చేసే ఎడిటర్

డబ్లిన్‌లో ఉద్యోగం మొదలెట్టి ఆరేళ్లు. ఈ వేసవిలో అమ్మకి కంటి ఆపరేషనని రెండు నెలలు బరంపురం ఇంటి నుంచే పని చేశాను. డబ్లిన్‌లో పొద్దున్న తొమ్మిదంటే మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. వీధిలో ఒడియా, వంటింట్లో తెలుగు, చెవిలో ఇంగ్లీషు. రాత్రి పదయ్యేసరికి "అన్నం చల్లారిపోతంది, ఏటిరా ఆ పని" అని అమ్మ కేక.

టీమంతటికీ ఒక ఏఐ ఎడిటర్, అంటే ఏఐ సాయంతో కోడ్ రాసే సాఫ్ట్‌వేర్, ఎంచే పని అప్పుడే నా మీద పడింది. అది కోడ్ రాస్తే చాలదు. మా కోడ్ ఉండే గిట్‌హబ్‌లో ఇష్యూ (టీమ్ రాసిపెట్టిన సమస్య) చదవాలి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టేబుల్ చూడాలి. ఇలా బయటి టూళ్లు కలపడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ ఎమ్‌సీపీ అనే పద్ధతి తెచ్చింది. నేను చూసిన రెండు ఎడిటర్లు, కర్సర్‌కీ, వీఎస్ కోడ్‌కీ అది వచ్చు. కర్సర్‌లో పనిచేస్తున్న ఎమ్‌సీపీ సెట్టింగుల ఫైలే వీఎస్ కోడ్‌లో పెడితే ఉలుకూ పలుకూ లేదు. సగం రాత్రి వెతికాక తెలిసింది: అక్కడ 'ఎమ్‌సీపీసర్వర్స్' అని రాసేచోట ఇక్కడ ఉత్త 'సర్వర్స్' అనే రాయాలి.

అసలు దెబ్బ వేరే. ప్రతిసారీ అనుమతి నొక్కలేక, అడక్కుండా నడిచే సెట్టింగ్ పెట్టాను. రెండు ఎడిటర్లలోనూ ఉందది. ఒక ఆర్డర్ స్టేటస్ ఎందుకు తప్పుగా ఉందో చూడమంటే, ఏఐ టెస్ట్ డేటాబేస్‌లోకి వెళ్లి వరసలన్నీ మార్చేసింది. డబ్లిన్‌లో నలుగురి మధ్యాహ్నం పోయింది. తప్పు నాదే. ఆ రాత్రే పోస్ట్‌గ్రెస్‌లో చదవడానికి మాత్రమే హక్కున్న యూజర్‌ని చేసి, టూల్‌కి ఆ పాస్‌వర్డే ఇచ్చాను. తాళం ఎడిటర్‌కి కాదు, డేటాబేస్‌కి వెయ్యాలి. అక్కర్లేని టూళ్లూ ఆపేశాను. ఆన్‌లో ఉన్న ప్రతి టూల్ వివరమూ ఏఐ మోడల్‌కి వెళ్తుంది, ఎక్కువైతే ఏది వాడాలో దానికే తికమక.

చివరికి వీఎస్ కోడ్ అన్నాను. అందులో సీక్రెట్ కీ (పాస్‌వర్డ్ లాంటిది) సెట్టింగుల ఫైల్లో రాయక్కర్లేదు. మొదటిసారి అడిగి తీసుకుని దాచుకుంటుంది, కాబట్టి ఆ ఫైలు కోడ్‌తో పాటే గిట్‌లో పెట్టి అందరికీ ఇవ్వొచ్చు. ఒంటరిగా పనిచేసేవాళ్లకైతే కర్సర్‌నీ కాదనను.

నల్లకళ్లద్దాలతో అమ్మ పక్కన కూర్చుని, "అన్నిసార్లు ఏటి నొక్కతన్నావురా?" అంది.

"చెయ్యనా అని అడుగుతోందమ్మా."